ఎదురు మెలి

“నాలుగు దాకా మీ ఇష్టం మేడమ్. నాలుగు కొట్టాక నా ఇష్టం.”

అంత చెప్పి ఇన్‌స్పెక్టరు ఫోన్ పెట్టేశాడు. డిటెక్టివ్ చేతి వాచీలో అప్పుడు రెండూ పది.

స్టేషన్లో ఆయనకి ‘గడియారం’ అని పేరు. టీ తాగినా, ఎవర్నయినా తిట్టినా టైము ప్రకారమే. అదే డిపార్టుమెంటులో ఆవిడకి ‘జిడ్డు మేడమ్’ అని పేరు. పట్టుకుంటే వదలదని. ఈ పేర్లు ఎవరు పెట్టారో కానీ ఊరికే పెట్టలేదు. మూడేళ్లుగా ఇద్దరికీ ఒక్క కేసులో కూడా పడి చావలేదు.

ఈసారి గొడవ ఒక కాలరు గురించి. జానెడు వెడల్పున్న తెల్లటి లేసు కాలరు, నూట యాభై ఏళ్ల నాటిది, మ్యూజియం రెండో గదిలో అద్దాల పెట్టెలో ఉండేది. సోమవారం తనిఖీకి వచ్చినవాళ్లు దాని మీద ఊదారంగు దీపం వేసి చూస్తే నీలంగా మెరిసింది. పాత దారం అలా మెరవదు. ఇప్పటి మిల్లుల్లో మందు కలిపి తెల్లబరిచిన దారమే మెరుస్తుంది. అంటే పెట్టెలో ఉన్నది నకలు. అసలుది గల్లంతు.

రిజిస్టరు ప్రకారం ఆ పెట్టె చివరిసారి తెరిచింది నాలుగు నెలల కిందట, పద్నాలుగో తారీఖున. కాలరు శుభ్రం చేయడానికి లేసు టీచరుని పిలిపించారు. పదీ ఇరవై నుంచి పదకొండూ అయిదు దాకా ఆవిడ ఒక్కతే గదిలో దానితో ఉంది. పైగా ఇంత మంచి నకలు అల్లగల చెయ్యి ఈ ఊళ్లో ఆవిడదొక్కటేనని క్యూరేటరు ఫిర్యాదులో స్వయంగా రాశాడు. ‘గడియారం’కి అంతకన్నా ఏం కావాలి? అరెస్టు కాగితం తయారు చేసేశాడు. టీచరు కూతురు అదే మ్యూజియంలో రిజిస్టరు గుమాస్తా. తల్లి జైలుకెళ్తే పిల్ల ఉద్యోగం కూడా గాల్లో దీపమే.

డిటెక్టివ్ బెల్లు కొట్టింది.

తలుపు తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. సోడాబుడ్డి కళ్లద్దాలు, సన్నటి వేళ్లు. నాలుగు రోజులుగా అవే ప్రశ్నలకి అవే జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయి ఉంది. “ఇవాళ కూడా అవేనా? అయితే నా పని నేను చేసుకుంటూ చెప్తాను. లోపలికి రండి” అంది.

ఇరుకు గది. కిటికీ పక్కన చెక్క స్టాండు మీద గట్టిగా గడ్డి కూరిన గుండ్రటి దిండు. దాని మీద చిల్లుల అట్ట, అట్ట మీద వందల గుండుసూదులు, సూదుల నుంచి వేలాడుతూ చెక్క కండెలు, ఒక్కో కండెకి ఒక్కో దారం. దిండుకి ఇవతల టీచరు కుర్చీ. అవతల, గోడకి ఆనించి ఒక పొట్టి బల్ల. క్లాసు లోపలి గదిలో చెప్తుంది కాబట్టి ఇక్కడ ఇంకో కుర్చీ లేదు. డిటెక్టివ్ ఆ బల్ల మీదే కూలబడింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

ఆ నలభై అయిదు నిమిషాల లెక్క మళ్లీ అడిగింది. టీచరు కండెలు ఆడిస్తూనే చెప్పింది. సూదులు తీయడానికి పది నిమిషాలు. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడానికి పావుగంట. సాగిన చోట సరిచేసి మళ్లీ సూదులు గుచ్చడానికి మిగతాది. మధ్యలో క్యూరేటరు రెండుసార్లు తొంగి చూశాడు. చివర్లో పెట్టెకి తాళం వేసింది కూడా ఆయనే.

“మీరేం చేశారు?”

“సంతకం పెట్టాను. పెట్టమన్నారు, పెట్టాను.”

వస్తువు ఎలా తయారవుతుందో తెలియకుండా దాన్ని కాజేసినవాణ్ని పట్టుకోలేమని డిటెక్టివ్ నమ్మకం. తాళాల కేసు వస్తే తాళాలు చేసేవాడి దగ్గర వారం రోజులు కూర్చున్న మనిషి. అందుకే సిగ్గుపడకుండా, లేసు గురించి తనకి ఓనమాలు కూడా రావనీ, మొదటి నుంచి చెప్పమనీ అడిగింది. టీచరు ఆవిడ వంక ఒక్క క్షణం చూసి, చేతిలో కండెలు ఆపి, కుర్చీ కింద నుంచి రేకు డబ్బా లాగింది. పాఠం చెప్పమంటే ఆ మనిషి మొహమే మారిపోయింది. ‘మీరు’ కాస్తా రెండో నిమిషానికే ‘నువ్వు’ అయింది.

మొదటి ముక్క మిషను లేసు. అంతా ఒకే అచ్చు, ఎక్కడా చెయ్యి తడబడదు, అదే దాన్ని పట్టిస్తుంది అంది. రెండోది సూది లేసు. ఒక్క సూది, ఒక్క దారం, బొత్తాం కాజా కుట్టినట్టు కుట్లే కుట్లు. మూడోది ఇదిగో, దిండు మీద కండెలతో అల్లేది. దీనిలో కుట్టే ఉండదు. జడ అల్లినట్టు దారాల్ని అల్లడమే. ఇందులో మళ్లీ రెండు ఇళ్లున్నాయి. ఒక ఇంట్లో పువ్వులూ ఆకులూ విడివిడిగా అల్లి తర్వాత జోడిస్తారు. రెండో ఇంట్లో పువ్వూ, దాని వెనకున్న వలా అవే దారాలతో ఒకే దమ్మున వస్తాయి.

“ఏ పద్ధతో ఎలా గుర్తుపట్టడం?”

“పువ్వుని చూడకు. అందరూ పువ్వునే చూసి మోసపోతారు. వెనక వల చూడు.”

వల నాలుగు పక్కలా జడలా ఉంటే అది ఒక వంశం. పువ్వు చుట్టూ లావు దారం ఉండదు. తేనెపట్టులా ఆరు పక్కల గళ్లుంటే ఇంకో వంశం. దాంట్లో పువ్వు చుట్టూ పొలం గట్టులా లావు దారం తిరుగుతుంది. మ్యూజియం కాలరు ఈ రెండో వంశానిది. నకలు కూడా అచ్చు అలాగే ఉంది, ఆ మూల మలుపు దగ్గర దారాలు కలిపిన తీరు చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపించిందని టీచరు మెచ్చుకుంది. సోమవారం ఇదే మెచ్చుకోలు ‘గడియారం’ ముందు కూడా చేసి, చేతులారా తన మీదికే తెచ్చుకుంది.

తర్వాత నాలుగు కండెలున్న చిన్న దిండొకటి డిటెక్టివ్ ఒళ్లో పెట్టింది. “రెండే పనులు. దాటు, మెలి. మధ్య రెండు కండెల్లో ఎడమది కుడిదాని మీంచి వేస్తే దాటు. తర్వాత ఒక్కో జతలో కుడిది ఎడమదాని మీంచి వేస్తే మెలి. మిగతాదంతా ఓపిక.”

మాటలు చెవిలో పడ్డాయి కానీ డిటెక్టివ్ చేతులు టీచరు చేతుల్నే చూశాయి. ఆవిడ ఎలా కదిపితే ఈవిడా అలాగే. పది నిమిషాల్లో అంగుళం జడ వచ్చింది. ఎంత ముచ్చటపడి చూపించిందో, టీచరు అంత ఫక్కున నవ్వింది.

“అంతా తిరగేసి వేశావు తల్లీ. నీ దాటు కుడి నుంచి, నీ మెలి ఎడమ నుంచి. అక్కడ కూర్చుంటే అంతే. ఎదుటి మనిషి చేతుల్ని అద్దంలో చూసినట్టు పట్టేస్తాం. అందుకే నేర్చుకునేవాళ్లని ఎవర్నీ ఎదురుగా కూర్చోనివ్వను. పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఒకసారి చెయ్యి అలా అలవాటు పడిందా, తర్వాత మార్చడం ఎవరి తరమూ కాదు.”

“అలా అల్లితే లేసు పాడవుతుందా?”

“ఏమీ పాడవదు. అంతే అందంగా వస్తుంది. మెలి ఒక్కటే ఎదురుగా వాలి ఉంటుంది. మామూలు కంటికి ఆనదు.”

డిటెక్టివ్ లేచి నిలబడింది. రెండూ యాభై రెండు. సంచీలోంచి చదును పెట్టె తీసి, పలచటి కాగితం విప్పి, నకలు కాలరుని కిటికీ వెలుగులో పరిచింది. పక్కన అసలుదాని ఫోటో పెట్టింది. మ్యూజియం వాళ్లు ఎప్పుడో పెద్దది చేసి తీయించినది. భూతద్దం కంటికి ఆనించి తేనెపట్టు గడి ఒక్కొక్కటే చూసింది. ఫోటోలో మెలులన్నీ పైన కుడి నుంచి కింద ఎడమకి వాలి ఉన్నాయి. కాలరులో పైన ఎడమ నుంచి కింద కుడికి. పదకొండు చోట్ల చూసింది. మూల మలుపులో కూడా చూసింది. అన్ని చోట్లా అదే ఎదురు వాలు.

“టీచరమ్మగారూ, ఇది అల్లింది మీరు కాదు.” నాలుగు రోజుల్లో మొదటిసారి డిటెక్టివ్ గుండె తేలికపడింది. “మీ శిష్యుల్లో ఇలా ఎదురు మెలి వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

ఒక్కళ్లు కూడా లేరని టీచరు గట్టిగా చెప్పి, తనూ చూస్తానని భూతద్దం తీసుకుంది. వల చూసింది. గట్టు దారం చూసింది. మూల దగ్గర చాలాసేపు ఆగింది. భూతద్దం కింద పెట్టేసింది. మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. అయిదు నిమిషాలైనా రాలేదు.

గ్లాసుడు నీళ్లకి అంతసేపేమిటని డిటెక్టివ్‌కి అనుమానం వచ్చింది. చూపు తను కూర్చున్న బల్ల మీద పడింది. టేపు పెట్టి కొలిచింది. ఎత్తు పదకొండు అంగుళాలు. పెద్దవాళ్లకి చేసిన బల్ల కాదు. వెనక గోడ మీద, కూర్చున్న పిల్ల భుజం ఎత్తులో, పెన్సిలుతో రాసిన ఎక్కాలు. సున్నం వేసినప్పుడు కూడా ఎవరో వాటిని చెరపనివ్వలేదు. వంగి బల్ల కింద చూసింది. చెక్క అడుగున గుండుసూదుల చిల్లులు, ఒకటీ రెండూ కాదు, బారులు బారులుగా, అటొకటి ఇటొకటి, దిండు మీది అట్టలో ఉన్న వరసలోనే. మూలన నాలుగు పొట్టి పెన్సిళ్లు, దారం రాసుకుని రాసుకుని మెడ దగ్గర గాడి పడినవి.

రోజూ బడి నుంచి వచ్చి హోంవర్కు చేసుకునే పిల్ల. ఎదురుగా అల్లుకుంటున్న తల్లి. తల్లి చూడనప్పుడు బల్ల బోర్లించి, పెన్సిళ్లే కండెలుగా అదే అల్లిక. డిటెక్టివ్‌కి లెక్క తేలిపోయింది. తల్లిని విడిపించడానికి వచ్చి, తన చేతులారా కూతుర్ని చూపించాల్సి వస్తోంది.

మూడూ ఇరవై అయిదుకి బయట జీపు ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ‘గడియారం’ ముప్ఫై అయిదు నిమిషాలు ముందు రావడం ఇదే మొదలు. ఏమిటీ తొందరని అడిగితే, క్యూరేటరుగారు గంటకోసారి ఫోన్ చేసి ప్రాణం తీస్తున్నాడన్నాడు. డిటెక్టివ్ కాలరు చూపించి మెలి సంగతి చెప్పింది. ఆయన భూతద్దంలోంచి చూసి పెదవి విరిచాడు.

“లేసుని వెనక వైపు నుంచి చూస్తున్నారు మేడమ్. తిరగేస్తే ఎడమ కుడి అవదా? కోర్టులో నవ్వుతారు.”

డిటెక్టివ్ కిటికీ తెర తాడు ఆయన చేతికిచ్చింది. “ఈ తాడు మెలి ఎటు వాలింది?”

“కుడి నుంచి ఎడమకి.”

“ఇప్పుడు వెనక్కి తిప్పి చూడండి. తలకిందులుగా కూడా చూడండి.”

ఆయన తిప్పాడు. తలకిందులు చేశాడు. ఎటు తిప్పినా అదే వాలు. తాడు వదిలేసి, అయితే ఎవరు అల్లారో చెప్పమని నిలదీశాడు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న మనిషి అని డిటెక్టివ్ నోరు జారింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది కానీ లాభం లేకపోయింది. ఆయన అప్పటికే గుమ్మం బయట నిలబడి క్యూరేటరుకి ఫోన్‌లో అంతా అప్పజెబుతున్నాడు. మెలి తిరగేసి ఉందట సార్, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్ల కోసం వెతుకుతోంది సార్, అని వీధంతా వినబడేలా చెప్పి, మూడూ ముప్ఫై మూడుకి లోపలికి వచ్చాడు.

గదిలో టీచరు నిలబడి ఉంది. చేతిలో గ్లాసు ఖాళీ.

“రాసుకోండి బాబూ. నేనే చేశాను.”

నాలుగు రోజులు కాదన్న మనిషి. ‘గడియారం’ మొహం వెలిగిపోయింది. ఇంకో మాట మాట్లాడకుండా ప్యాడ్ తీసి రాయడం మొదలుపెట్టాడు. కాలరు తనే మార్చాననీ, మెలి కావాలనే తిరగేశాననీ, దొరక్కుండా ఉండటానికి అలా చేశాననీ ఆవిడ చెప్తూనే ఉంది.

“అయితే ఒక్క అంగుళం అల్లి చూపించండి. అదే ఎదురు మెలితో” అంది డిటెక్టివ్.

టీచరు కుర్చీలో కూర్చుంది. చిన్న దిండు ఒళ్లోకి తీసుకుంది. మొదటి దాటు ఆలోచించి వేసింది, సరిగ్గా తిరగేసి పడింది. మొదటి మెలి కూడా. మూడో వరసకి వచ్చేసరికి వేళ్లు వాటంతట అవే కుడిది ఎడమ మీదికి తోసేశాయి. విప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రెండో వరసకే తప్పింది. మళ్లీ విప్పింది. నాలుగోసారి కండెలు ఒళ్లో వదిలేసింది. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారి దిండు మీద పడ్డాయి.

“యాభై ఏళ్లు నేర్పాను వీటికి. ఇవాళ ఒక్క అబద్ధం ఆడమంటే ఆడటం లేదు.”

‘గడియారం’ కలం ఆగింది. మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు. ఈవిడ ఎవర్నో వెనకేసుకొస్తోంది, ఎవరు మేడమ్, అని మెల్లగా అడిగాడు. పట్టుకుంటే వదలదని పేరున్న మనిషి మొదటిసారి బల్ల మీంచి చూపు తిప్పేసుకుంది. టీచరు ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది.

మూడూ నలభై ఎనిమిదికి తలుపు తోసుకుని కూతురు వచ్చింది. రెండు వీధుల అవతల మ్యూజియం నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసంతో మాట రావడం లేదు.

“అమ్మకేమీ తెలీదు. అల్లింది నేను.”

ఊపిరి తిరిగాక, క్యూరేటరు ఫోన్ మాటలు విని వచ్చానని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఏడాదిన్నర కిందట క్యూరేటరు ఆమెని గదిలోకి పిలిచాడు. ఆమె భోజన విరామంలో పెన్సిళ్లతో దారాలు అల్లుకోవడం ఎప్పుడో గమనించాడట. అసలు కాలరు వెలుగుకి పాడైపోతోంది, దాన్ని భద్రంగా దాచి నకలు ప్రదర్శనకి పెడదాం, నువ్వయితేనే అల్లగలవు అన్నాడు. పెద్దవాళ్ల అనుమతి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. నిజమైన కొలతతో ఫోటో ఇచ్చాడు. ఆ పిల్ల ఓవర్‌టైమ్ అని ఇంట్లో చెప్పి, పదకొండు నెలలు మ్యూజియం స్టోరు గదిలో కూర్చుని అల్లింది. తల్లి పద్నాలుగో తారీఖున కాలరు శుభ్రం చేసి వెళ్లిన సాయంత్రమే ఆయన నకలు తీసుకున్నాడు. పెట్టె రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ముందు తల్లి సంతకం రిజిస్టర్లో పడాలని అంతకాలం ఆగాడని ఆమెకి సోమవారం దాకా తట్టలేదు. సోమవారం నిలదీస్తే, నోరెత్తితే తల్లీకూతుళ్లిద్దరూ లోపలికెళ్తారు, మాట్లాడకుండా ఉంటే నేను సర్దుతాను అన్నాడు. భయపడి ఊరుకుంది. అది చెప్పేటప్పుడు తల్లి వంక చూడలేకపోయింది.

టీచరు కూతురి దగ్గరికి వెళ్లింది. కొడుతుందేమోనని డిటెక్టివ్ ఒక అడుగు ముందుకేసింది. టీచరు చెయ్యెత్తలేదు.

“కళ్లు పోతాయని నిన్ను కండె ముట్టుకోనివ్వలేదు కదే. ఆ మూల మలుపు ఎవరు నేర్పారు నీకు?”

“నువ్వేనమ్మా. రోజూ నాలుగు నుంచి ఏడు దాకా.”

‘గడియారం’ ఫోన్ తీసి మ్యూజియానికి కొట్టాడు. కాపలావాడు ఎత్తాడు. క్యూరేటరుగారు మూడూ నలభైకి వెనక గేటు నుంచి వెళ్లిపోయారనీ, చేతిలో చదునైన పెట్టె ఒకటి ఉందనీ చెప్పాడు. ఫోన్ దించిన ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు.

“నేను ఫోన్ చేసిన ఏడు నిమిషాలకి. నా నోటితో నేనే చెప్పాను వాడికి.”

రేపటి నుంచి నెల రోజుల సెలవని క్యూరేటరు పొద్దున తన చేతే రిజిస్టర్లో రాయించాడనీ, విమానం ఇవాళ ఆరింటికని టికెట్టు మీద చూశాననీ కూతురు చెప్పింది. విమానాశ్రయానికి ఎంత లేదన్నా గంట పడుతుంది. ఇన్‌స్పెక్టరు ప్యాడ్ డిటెక్టివ్ చేతిలో పెట్టి, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. ఆ పెట్టె దొరక్కపోతే ఈ పిల్ల మాటకి సాక్ష్యం లేదు, కోర్టుకి కనబడేది ఈ పిల్ల చేతి పనొక్కటే, అందుకని స్టేట్‌మెంటు ఇప్పుడే తీసుకోమన్నాడు. జీపు వెళ్లిపోయింది.

డిటెక్టివ్ ప్యాడ్ మీద టీచరు ఒప్పుకోలు ఉన్న కాగితం చింపేసింది. కొత్త కాగితం మీద తారీఖు వేసి, మూడూ యాభై ఆరు అని టైము రాసి, ఏమని మొదలుపెట్టాలో తెలియక కలం పట్టుకుని కూర్చుంది. తల్లి కూతుర్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతులూ ఆమె భుజాల మీద వేసింది.

“అల్లింది నా కూతురు అని రాయండమ్మా. దొంగిలించింది అని మాత్రం రాయకండి.”

డిటెక్టివ్ మొదటి వాక్యం అలాగే రాసింది.